జ్యూరీ డ్యూటీకి పిలుపొచ్చింది – వెళ్ళొచ్చినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

ఫ్రిస్కో_సిరి
అందరికీ నమస్కారం. పోయినేడాది సిటిజెన్‌షిప్ వచ్చింది, ఓటు కూడా నమోదు చేయించుకున్నాను. ఈ వారం పోస్టులో కాలిన్ కౌంటీ నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి. వచ్చే నెల ఒక సోమవారం పొద్దున్నే మెకిన్నీ కోర్టులో ఉండాలట. ఆ కవరు చూసిన దగ్గర్నుంచి మా అత్తగారు "కోర్టు కాగితం మనింటికెందుకొచ్చిందమ్మా, ఏమైంది" అని ఒకటే కంగారు. ఇది నేరం చేసినందుకు కాదు, మామూలు పౌరులే కేసు విని న్యాయం చెప్పడానికి పిలవడం అని ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరట్లేదు.

నా సందేహాలు: పాపకి ఎనిమిదేళ్ళు, స్కూలు నుంచి తెచ్చుకోవాలి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గర పడింది. నా ఇంగ్లీషు ఆఫీసు పనికి సరిపోతుంది గానీ కోర్టు భాష ఏమాత్రం అర్థమవుతుందో తెలియదు. అక్కడ అసలేం జరుగుతుంది? వెళ్ళొచ్చినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఎడిసన్_నాన్న
సిరి గారూ, ముందుగా మీకు అభినందనలు. మీ ప్రశ్నకి మిగతావాళ్ళు చెప్తారు. నేను ఒక్క విషయం గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను, దయచేసి అందరూ చదవండి.

పేర్లు ఓటర్ల జాబితా నుంచే కాదు, డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా తీస్తారు. అందుకే సిటిజెన్లు కానివాళ్ళకీ సమన్లు వస్తాయి. మా నాన్నగారు గ్రీన్‌కార్డు మీద ఉండగా ఆయన పేరున వచ్చింది. ఆయన "ప్రభుత్వం పిలిచింది, వెళ్ళకపోతే తప్పు" అని ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకున్నారు. సిటిజెన్ కానివారు జ్యూరీలో కూర్చోవడానికి చట్టం ఒప్పుకోదు. కాగితంలో "నేను అమెరికా పౌరుణ్ణి కాను" అనే గడి ఉంటుంది. అది టిక్ చేసి, సంతకం పెట్టి, గడువులోపు పంపేయాలి. చెత్తబుట్టలో పడేయకూడదు. పొరపాటున కూడా "అవును, పౌరుణ్ణే" అని పెట్టకూడదు. పౌరుణ్ణని తప్పుగా చెప్పుకోవడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో చాలా పెద్ద నేరం, దేశం నుంచి పంపేసేదాకా వెళ్తుంది. పెద్దవాళ్ళ పేరు మీద ఏ కవరొచ్చినా పిల్లలు ఒకసారి చూసి పెట్టండి.

పాలమూరు_పోరడు
సిరి అక్కా, టెక్సస్ సంగతి నేను చెప్త. పన్నెండేండ్ల లోపు పిల్లలుండి, నువ్వు పోతె వాళ్ళను చూసెటోళ్ళు లేకుంటె మినహాయింపు అడగొచ్చు. ఇంట్ల అత్తమ్మ ఉన్నది కాబట్టి అది నీకు పనికొస్తదో లేదో నువ్వే నిజాయితీగ చూస్కో. చదువుకుంటున్నోళ్ళకు, 75 ఏండ్లు దాటినోళ్ళకు గూడ మినహాయింపు ఉన్నది. రిలీజ్ ఉన్నదంటె మాత్రం ఒప్పుకోరు. కాని తేదీ మార్చమని ముందుగనే అడగొచ్చు, చాలా కౌంటీలు ఆన్‌లైన్లనే మారుస్తయి. ఊకె పోకుంటె మాత్రం వంద నుంచి వెయ్యి డాలర్ల దాక జరిమాన పడొచ్చు. పైసలు మొదటి రోజుకు కనీసం 20 డాలర్లు, తర్వాత రోజుకు 58. 2023ల పెంచిండ్రు.

నేను డల్లాస్ కౌంటీల పోయిన, క్రిమినల్ కేసు. పొద్దుగాల పెద్ద హాల్ల కూసోబెట్టి, తర్వాత అరవై మందికి పైననే ఒక కోర్టు రూముకు తోల్కపోయిండ్రు. తలా ఒక నంబరు అట్ట ఇచ్చిండ్రు, మాట్లాడాల్నంటె అది పైకి లేపాలె. తన లాయరు పక్కన ముద్దాయి కూసున్నడు, పిల్లగాడు, ఇరవై రెండు ఇరవై మూడేండ్లుంటయేమొ. కొత్త సూటు, మెడ పట్టి లాగుతుంటె సర్దుకుంటున్నడు.

లాయర్లు గంటల తరబడి ప్రశ్నలడిగిండ్రు. "పోలీసు చెప్తె వేరెవరు చెప్పినదానికంటె ఎక్కువ నమ్ముతవా?" "ముద్దాయి సాక్ష్యం చెప్పకుంట నోరు మూస్కొని కూసుంటె తప్పు చేసినట్టేనని అనుకుంటవా?" ఆ రెండో ప్రశ్నకు మా వరుసల సగం మంది అట్ట లేపిండ్రు! అప్పుడు జడ్జి ఆపి చెప్పింది: నేరం చేసిండని రుజువు చేసుడు ప్రభుత్వం పని, చెయ్యలేదని రుజువు చేసుడు ఆయన పని కాదు, ఆయన ఒక్క మాట మాట్లాడకున్న దాన్ని ఆయన మీదికి తియ్యొద్దు అని. ఇది పుస్తకాల చదివినప్పుడు ఒకటి, ఆ పిల్లగాణ్ణి ఎదురుంగ పెట్టుకొని విన్నప్పుడు వేరు.

నన్ను తీస్కోలె. రెండు పక్కల లాయర్లకు కారణం చెప్పకుంట కొంతమందిని తీసేసే హక్కు ఉంటది, టెక్సస్‌ల పెద్ద నేరాల కేసులైతె చెరొక పది మంది. జాతి చూసి మాత్రం తియ్యొద్దని 1986ల బ్యాట్సన్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. మన ఊర్ల పెద్దమనుషుల పంచాయితీల రెండు పక్కలోళ్ళు ఎరికైనోళ్ళనే కూసోబెడ్తరు. ఇక్కడ ఎరికైనోళ్ళను ఏరి మరీ బయటికి పంపుతరు. నాకు అది మంచిగ అనిపించింది.

అట్లాంటా_వాసు
ఇంత ఆలోచన అవసరమా? మా ఆఫీసులో అందరూ చెప్పేది ఒకటే. ప్రశ్నలడిగేటప్పుడు "నేను పోలీసుల్నే నమ్ముతాను" అనో "అందరూ దొంగలే" అనో అంటే మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపించేస్తారు. అవర్లీ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళకి రోజు పోతే జీతం పోయినట్టే. మనకెందుకొచ్చిన తలనొప్పి?

కృష్ణాతీరం
వాసు గారూ, జీతం ఇబ్బంది నిజమే, దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయట్లేదు. జ్యూరీకి వెళ్ళారని ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టం ఉంది గానీ ఆ రోజుల జీతం ఇవ్వాలని చాలా రాష్ట్రాల్లో లేదు. మసాచుసెట్స్ లాంటి చోట్ల మొదటి మూడు రోజులు కంపెనీయే ఇవ్వాలి, ఆ తర్వాత రాష్ట్రం రోజుకి 50 డాలర్లిస్తుంది. ఫెడరల్ కోర్టులోనూ 50 డాలర్లే. నిజంగా ఇల్లు గడవని పరిస్థితి అయితే జడ్జికి అదే చెప్పండి, వింటారు. అబద్ధం చెప్పడం మాత్రం వద్దు. ఆ ప్రశ్నలకి జవాబిచ్చే ముందు మీచేత ప్రమాణం చేయిస్తారు. పైగా రేపు మన పిల్లాడే ఏ యాక్సిడెంట్ కేసులోనో అక్కడ నిలబడితే, వాడి మాట యాసతో సహా అర్థం చేసుకునేవాళ్ళు ఒక్కరైనా ఆ పన్నెండు మంది జ్యూరర్లలో ఉండాలని మనం కోరుకోమా?

నేను టెక్సస్‌లోనే ఒక సివిల్ కేసులో చివరిదాకా కూర్చున్నాను. సిరి గారికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు రాయడం లేదు.

సిగ్నల్ దగ్గర ఎడమవైపు తిరుగుతున్న కారుకి, ఎదురుగా నేరుగా వస్తున్న కారు గుద్దుకుంది. నేరుగా వచ్చినాయన గోడౌన్‌లో బరువులెత్తే పని చేస్తాడు. మెడ దగ్గర డిస్క్ జారింది. తిరుగుతున్న కారు నడిపింది చిన్నపిల్లల తల్లి. ఆయనకి పసుపు లైటు పడిందా లేదా, ఎంత స్పీడులో వచ్చాడు, ఆ నొప్పి యాక్సిడెంట్ వల్లనా లేక ముందునుంచీ ఉన్నదా. మూడు రోజులు వీటి చుట్టూనే తిరిగింది. ఇటు డాక్టరు ఎమ్మారై ఫిల్ము తెర మీద పెట్టి ఒక తెల్ల మచ్చ చూపించి ఇదే గాయం అన్నాడు. అటు డాక్టరు అదే మచ్చ చూపించి, ఇది వయసుతో అరిగిన ఎముక, ఇందులో కొత్త గాయమేమీ లేదు అన్నాడు. ఇద్దరూ బాగా చదువుకున్నవాళ్ళే, ఇద్దరూ నమ్మకంగానే చెప్పారు.

ఇంగ్లీషు గురించి మీరు భయపడుతున్నారు కదా. కోర్టులో వాడేది పామరులకి అర్థం కావాలని వాడే భాష. ఎందుకంటే వినేది మనలాంటివాళ్ళే. మా పన్నెండు మందిలో ఒక స్కూల్ బస్సు డ్రైవరు, ఒక నర్సు, రిటైరైన ఇద్దరు, అప్పుడే కాలేజీ ముగించిన అమ్మాయి ఉన్నారు. నేను నోట్సు బాగా రాసుకుంటానని రెండో రోజు నుంచే అందరూ నన్నడగడం మొదలుపెట్టారు. అయితే నోట్సు సాక్ష్యం కాదని, ఎవరి జ్ఞాపకం వాళ్ళదేనని జడ్జి ముందే హెచ్చరించారు.

వాదనలయ్యాక మా చేతికి ఒక కాగితాల కట్ట ఇచ్చారు. ఎవరు గెలిచారని అందులో ఎక్కడా అడగరు. ప్రశ్నలు మాత్రమే ఉంటాయి. ఎవరి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది? ఒక్కొక్కరి బాధ్యత ఎంత శాతం? మొత్తం నూరు రావాలి. టెక్సస్‌లో దావా వేసినాయన తప్పు సగం దాటితే ఆయనకి ఒక్క డాలరు కూడా రాదు. ఆ తర్వాత ఖాళీ గడులు. ఇప్పటిదాకా అయిన వైద్య ఖర్చు ఎంత, ముందు ముందు అయ్యేది ఎంత, ఇప్పటిదాకా పడిన నొప్పికి ఎంత, ఇకముందు పడబోయే నొప్పికి ఎంత. ఇన్సూరెన్సు ఉందా లేదా అనేది ఊహించకూడదు, మాట్లాడకూడదు.

వైద్య ఖర్చుకి బిల్లులున్నాయి, కూడుకున్నాం. నొప్పి గడి దగ్గర ఆగిపోయాం. ఒకాయన సున్నా అన్నాడు, ఒకావిడ రెండు లక్షలంది. మాలో లెక్కలొచ్చినాయన ఒకరు "అందరూ తలో అంకె రాసివ్వండి, సగటు తీసేద్దాం" అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. అప్పుడు మా ఫోర్‌పర్సన్, అంటే జ్యూరీకి పెద్ద, ఆ కట్టలోని మొదటి పేజీలు తిప్పి చదివి వినిపించింది. తలా ఒక అంకె చెప్పి సగటు తీసుకుందామని ముందే ఒప్పందం చేసుకోకూడదని, చీటీలు వేయకూడదని, నువ్వు దీనికి ఒప్పుకుంటే నేను దానికి ఒప్పుకుంటానని బేరాలాడకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. అంటే ప్రతి అంకెకీ కారణం మాట్లాడుకుని చేరుకోవాలి. ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఆయన రాత్రిళ్ళు కుర్చీలో పడుకుంటున్నానని చెప్పింది నిజమా, భార్య సాక్ష్యం ఎంత నమ్మొచ్చు, మళ్ళీ పనికి వెళ్ళాక తీసిన ఫోటోల్లో ఆయన ఏం ఎత్తుతున్నాడు అని ఒక్కొక్కటీ.

చివరికి బాధ్యత ఆ తల్లిది 80 శాతం, ఆయనది 20 శాతం అని రాశాం. సివిల్ కేసులో పన్నెండు మందిలో పది మంది ఒప్పుకుంటే చాలు, కానీ అన్ని ప్రశ్నలకీ అదే పది మంది అయి ఉండాలి. మేము సరిగ్గా పది మందిమే. ఏకగ్రీవం కాదు కనుక ఒక్కొక్కరం సంతకం పెట్టాం. తీర్పు చదివేటప్పుడు ఆ తల్లి బల్లకేసి చూస్తూ కూర్చుంది, తలెత్తలేదు. మేము రాసింది ఎక్కువేమో అని ఆ క్షణంలో అనిపించింది. ఆ తర్వాత ఆయన మెడ తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి లాయరు వైపు చూస్తే తక్కువేమో అనీ అనిపించింది. ఇప్పటికీ నాకు ఆ రెండూ ఉన్నాయి. కానీ ఆ అంకె మేము ఎలా రాశామో గడి గడికీ కారణం చెప్పగలను.

అట్లాంటా_వాసు
కృష్ణాతీరం గారూ, పూర్తిగా చదివాను. సగటు తీయకూడదనే నియమం ఉంటుందని నాకు అస్సలు తెలీదు. జీతం సంగతి మాత్రం నా అభిప్రాయం అదే, ఆ భారం జ్యూరర్ మీద వేయకూడదు. 58 డాలర్లతో ఎవరికీ రోజు గడవదు.

లెస్టర్_లక్ష్మి
ఇంగ్లండ్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇక్కడ జ్యూరీకి బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు! భారతీయులం కామన్వెల్త్ పౌరులం కనుక వీసా మీద ఉండగానే ఓటరుగా నమోదు కావొచ్చు. ఓటరు జాబితాలో ఉండి, 18 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసుండి, పదమూడో ఏడు దాటాక కనీసం ఐదేళ్ళు ఈ దేశంలో ఉంటే చాలు, పేరు రావొచ్చు. నాకు భారతీయ పాస్‌పోర్టు ఉండగానే వచ్చింది. "నేను సిటిజెన్ని కాదు కదా" అని పక్కన పడేస్తే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా.

మామూలుగా రెండు వారాలు కేటాయించమంటారు. తేదీ ఒక్కసారి మాత్రమే వాయిదా అడగొచ్చు. కంపెనీ జీతం ఇవ్వకపోతే కోర్టు కొంత ఇస్తుంది, మొదటి పది రోజులు రోజుకి 64.95 పౌండ్లు మించదు. ప్రమాణానికి భగవద్గీత అడిగితే ఇచ్చారు. మతగ్రంథం వద్దనుకునేవాళ్ళు మామూలు ప్రతిజ్ఞ చేయొచ్చు. అమెరికాలో లాగా గంటల తరబడి ప్రశ్నలు ఇక్కడ ఉండవు. పేరు పిలుస్తారు, కేసులో ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా అని చూస్తారు, వెళ్ళి కూర్చోవడమే.

కృష్ణాతీరం గారు రాసినట్టు లోపల ఏం మాట్లాడుకున్నామో నేను రాయలేను. ఇక్కడ అది నేరం, తీర్పు వచ్చాక కూడా. మా ఆయన అడిగితే కూడా చెప్పలేదు. కేసు గురించి ఇంటర్నెట్‌లో వెతకడమూ నేరమే, దానికి జైలుకెళ్ళినవాళ్ళున్నారు.

రాజమండ్రి_వకీలు
మంచి చర్చ. మన దేశంలో జ్యూరీ పోవడానికి నానావతి కేసే కారణమని అందరూ అనుకుంటారు. 1959 ఏప్రిల్‌లో నౌకాదళ అధికారి నానావతి బొంబాయిలో ప్రేమ్ ఆహుజాను కాల్చాడు. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. సెషన్స్ జడ్జి ఆ తీర్పును ఒప్పుకోక హైకోర్టుకి పంపాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1964లో క్షమాభిక్ష వచ్చింది. కానీ జ్యూరీ ఎత్తేయాలని లా కమిషన్ 1958లోనే, అంటే ఆ కాల్పులకి ముందే చెప్పింది. రాష్ట్రాలు ఒక్కొక్కటిగా వదిలేశాయి, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది లేనే లేదు. పార్సీల విడాకుల కేసుల్లో మాత్రం ఆ సమాజం నుంచి ప్రతినిధులు ఇప్పటికీ జడ్జితో కూర్చుంటారు.

మన జిల్లాల సెషన్స్ కోర్టుల్లో ఒకప్పుడు అసెసర్లు ఉండేవారు. మా తాతగారిని అలా పిలిచేవారు. విచారణ అయ్యాక జడ్జి ఒక్కొక్కరి అభిప్రాయం అడిగి రాసుకునేవాడు, కానీ దానికి కట్టుబడాల్సిన పని లేదు. తాతగారికి అదే కష్టంగా ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినాలి, చెప్పాలి, చివరికి చెప్పినమాట చెల్లకపోవచ్చు. 1955లో ఆ పద్ధతి తీసేశారు. మీ చేతికి ఆ కాగితాల కట్ట ఇచ్చి "మీరు రాసిందే జవాబు" అన్నారంటే అది చాలా పెద్ద సంగతి.

రిటైర్డ్_వీఆర్వో
వకీలు గారికి నమస్కారం. ఇప్పుడు మన దగ్గర సామాన్యుడు కోర్టుకెళ్ళేది మధ్యవర్తిగానే, అంటే పోలీసుల సోదాకీ పంచనామాకీ సాక్షిగా సంతకం పెట్టేవాడిగా. నేను గుంటూరు జిల్లాలో చేసినన్నాళ్ళూ పోలీసులు ఎక్కడ సోదా చేసినా, ఎక్కడ శవ పంచనామా జరిగినా వీఆర్వోకే కబురు. ఊళ్ళో ఎవర్ని అడిగినా "మాకొద్దు బాబూ" అని తలుపులేసుకునేవాళ్ళు. వాళ్ళనీ అనడానికి లేదు. మధ్యవర్తుల రిపోర్టు మీద సంతకం పెట్టిన నాలుగేళ్ళకో ఐదేళ్ళకో సమన్లొస్తాయి. వెళ్తే వాయిదా. మళ్ళీ వెళ్తే మళ్ళీ వాయిదా. చివరికి బోనెక్కితే, కత్తి పిడి ఏ రంగు, రిపోర్టు రాసింది చెట్టు కిందా అరుగు మీదా అని అడుగుతారు. అందుకే నేను సంతకం పెట్టిన ప్రతిదీ ఇంటికొచ్చి నా డైరీలో రాసుకునేవాణ్ణి. కోర్టుకి వెళ్ళేముందు అది చదువుకునేవాణ్ణి. ఇప్పుడు కొత్త చట్టంలో సోదాలు వీడియో తీయాలన్నారు. మధ్యవర్తికి అది పెద్ద ఊరట. సాక్ష్యానికి వచ్చినవాణ్ణి పొద్దుటి నుంచి వరండాలో నిలబెట్టకుండా ఒక బెంచీ, మంచినీళ్ళు ఇచ్చినా ఎక్కువమంది ముందుకొస్తారని నా నమ్మకం.

బే_ఏరియా_భార్గవి
ఇదే అంశం మీద ఒక హెచ్చరిక. మా స్నేహితురాలికి ఫోనొచ్చింది. "మీరు జ్యూరీకి రాలేదు, అరెస్టు వారెంటు ఉంది, ఇప్పుడే డబ్బు కట్టకపోతే సాయంత్రంలోగా ఇంటికొస్తాం" అని. ఆమె పేరు, అడ్రసు అన్నీ సరిగ్గా చెప్పాడు, వెనకాల వాకీటాకీ చప్పుడు కూడా వినిపించింది. గిఫ్టు కార్డులు కొని నంబర్లు చదవమన్నాడు. కోర్టులు జరిమానా అలా ఫోన్‌లో వసూలు చేయవు, గిఫ్టు కార్డు ఎప్పుడూ అడగవు. పెట్టేసి, కోర్టు సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి, కొత్తగా వచ్చినవాళ్ళకి ఇది తప్పక చెప్పండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి: ఇక్కడ ఒక రోజు లేదా ఒక కేసు అనే పద్ధతి. ముందురోజు సాయంత్రం వెబ్‌సైటు చూసుకుంటే రావాలో అక్కర్లేదో తెలుస్తుంది. చాలాసార్లు అసలు వెళ్ళే పనే పడదు. భత్యం రెండో రోజు నుంచి, రోజుకి 15 డాలర్లు.

ఫ్రిస్కో_సిరి
అందరికీ ఎంత చెప్పినా తక్కువే. పాప స్కూలు సంగతి అత్తగారు చూసుకుంటానన్నారు కాబట్టి మినహాయింపు అడగట్లేదు. రిలీజ్ అయ్యాక వచ్చేలా తేదీ మాత్రం మార్పించుకున్నాను. వీఆర్వో గారి మాటలు, తాతగారి అసెసర్ సంగతి అత్తగారికి చదివి వినిపించాను. వాళ్ళ ఊళ్ళో కరణంగారు కూడా ఇలాగే వెళ్ళేవారని ఆవిడే గుర్తు చేసుకున్నారు.

ఇంకొక్క సందేహం. ఈ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది ఉన్నారు. సాక్షి తెలుగులో చెబుతుంటే దుబాసీ ఇంగ్లీషులో చెబుతారు కదా. నాకు రెండూ అర్థమవుతాయి. దుబాసీ చెప్పింది సరిగ్గా లేదనిపిస్తే ఏం చేయాలి?

పాలమూరు_పోరడు
మంచి ప్రశ్న అక్కా. ఇదే ముచ్చట స్పానిష్ విషయంల 1991ల సుప్రీంకోర్టు దాక పోయింది, హెర్నాండెజ్ వర్సెస్ న్యూయార్క్ అని. దుబాసీ చెప్పిందే తీస్కుంటరా అని అడిగితె కొందరు తడబడ్డరని లాయరు వాళ్ళను తీసేసిండు, కోర్టు దాన్ని తప్పు పట్టలె. కాబట్టి నిన్ను గూడ ముందే అడుగుతరు, ఉన్నదున్నట్టు చెప్పు.

కృష్ణాతీరం
అవును. పన్నెండు మందీ ఒకే సాక్ష్యం విని తేల్చాలి, అందుకని రికార్డులో ఉండేది దుబాసీ ఇంగ్లీషే. మీకు తేడా వినిపిస్తే జ్యూరీ గదిలో మిగతావాళ్ళకి "ఆయన అన్నది అది కాదు" అని చెప్పకూడదు, అలా చెబితే లాయర్లు ప్రశ్నించడానికి వీల్లేని సాక్ష్యం మీరే ఇచ్చినట్టవుతుంది. వెంటనే ఒక చీటీ మీద ఎక్కడ తేడా అనిపించిందో రాసి బెయిలిఫ్ (జ్యూరీని చూసుకునే కోర్టు ఉద్యోగి) చేతికి ఇవ్వండి. అది జడ్జికి చేరుతుంది. జడ్జి రెండు వైపుల లాయర్లతో మాట్లాడి, అవసరమైతే ఆ ప్రశ్న మళ్ళీ అడిగిస్తారు.